ఎన్నో మెట్టు మీదున్నావమ్మా?

మార్చి 20 వచ్చిందంటే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక గొడవ ఖాయం. అది ప్రపంచ ఆనంద దినం. ఏ దేశం వాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో చెప్పే నివేదిక ఆ రోజుకు అటూ ఇటుగా బయటికొస్తుంది. మన ర్యాంకు మర్నాడు పేపర్లో ఓ మూల చిన్న బాక్సులో పడుతుంది. 2025లో 147 దేశాల్లో మనది 118. ఫిన్లాండ్ వరసగా ఎనిమిదోసారి ఫస్టు. అంతవరకైతే డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ఊరుకునేవాడే. కానీ నేపాల్ 92, పాకిస్తాన్ 109 అని ఉంది. వాడు అక్కడ పట్టుకున్నాడు.

"అక్కా, ఇది పచ్చి అబద్ధం. మనకన్నా వాళ్లు సంతోషంగా ఉన్నారా? ఎవడు లెక్కేశాడో చెప్పు!"

నేను గవర్నమెంటు స్కూల్లో 32 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. ఇంట్లో ఎవరికి ఏ అంకె మీద అనుమానం వచ్చినా నన్నే అడుగుతారు, కరెంటు బిల్లుతో సహా. సరే, చూద్దామని కూర్చున్నా. తీరా చూస్తే ఆ ర్యాంకు వెనక పెద్ద లెక్కేమీ లేదు. ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. మీ ముందు ఒక నిచ్చెన ఉందనుకోండి. అట్టడుగు మెట్టు సున్నా, పై మెట్టు పది. మీకు సాధ్యమైన అన్నిటికన్నా మంచి జీవితం పైన ఉంది, అన్నిటికన్నా చెడ్డది కింద ఉంది. ఇప్పుడు మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారు?

అంతే. హ్యాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ నిచ్చెనను తయారుచేసి, 1965లో పుస్తకం వేశాడు. ఆ రోజుల్లో ఆయన అడిగించిన దేశాల్లో మనదీ ఉంది. ఇప్పుడు గ్యాలప్ సంస్థ వాళ్లు ఒక్కో దేశంలో ఏడాదికి సుమారు వెయ్యి మందిని, పెద్ద దేశాల్లో ఇంకొంతమందిని అడుగుతారు. మూడేళ్ల జవాబులకు సగటు కడతారు. ఆ సగటే ర్యాంకు. ఆదాయం, ఆయుర్దాయం, అవినీతి అన్నీ కలిపి మార్కులు వేస్తారని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా. కాదు. ఆ సగటు ఒక దేశంలో ఎందుకు ఎక్కువ, ఇంకో దేశంలో ఎందుకు తక్కువ అని తర్వాత వివరించడానికి వాడతారు వాటిని. మార్కు మాత్రం జనం తమకు తామే వేసుకున్నది. ఫిన్లాండ్ వాళ్లు 7.7 వేసుకున్నారు, మనవాళ్లు 4.4 వేసుకున్నారు.

తమ్ముడికి ఇదంతా టైపు చేసి పెట్టా. "అయితే మనవాళ్లకు మార్కులు వేసుకోవడం రాదు" అన్నాడు. వాడి మాట కొట్టిపారెయ్యలేదు నేను. పేపర్లు దిద్దినదాన్ని కదా, ఒకే జవాబుకు ఒక టీచరు ఎనిమిది వేస్తే ఇంకో టీచరు అయిదు వేయడం ఎన్నిసార్లు చూశానో.

ఆ రోజు ఇంట్లో అందర్నీ అడగడం మొదలెట్టా. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే "ఆరు. పెన్షన్ పడ్డ రోజు ఏడు" అన్నాడు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి చీపురు పక్కన పెట్టి, సీరియస్‌గా ఆలోచించింది. "ఎవరిది మేడం? నాదా, మా పిల్లదా?" అంది. నీదే అన్నా. "నాది మూడు. మా పిల్ల నర్సింగు అయిపోతే ఎనిమిది." కాంట్రిల్ కూడా అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటారనుకుంటున్నారని రెండో ప్రశ్న అడిగించేవాడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే అక్కడికి వెళ్లిపోయింది.

నా సంగతి నేనే వేసుకున్నా. ఇప్పుడు ఆరున్నర. కానీ ఎప్పుడైనా పదిలో పది ఉన్నానా అంటే, ఉన్నాను. చిలకలగూడలో. 1974 నుంచి నా పెళ్లయ్యేదాకా.

నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. పొద్దున సైరన్ కూస్తే గల్లీ గల్లీ అంతా సైకిళ్లే. చిలకలగూడలో మాది మూడు గదుల ఇల్లు, ముందు వాకిలి, వెనక చిన్న వరండా. గోడ అవతల తమిళం మాట్లాడే కుటుంబం, ఎదురింట్లో ఉర్దూ, మూలమీద ఇంట్లో క్రిస్మస్ కేకు. ఎండాకాలం రాత్రుళ్లు అందరం డాబాల మీదే. ఒక డాబా మీద మొదలైన కథ మూడో డాబా మీద అయిపోయేది. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి బోనాలకు పసుపు నీళ్ల వాసన, వేపాకు, డప్పులు. పరీక్షలు అయిపోతే నాన్న స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లి, చాయ్‌లో ఉస్మానియా బిస్కట్ ముంచుకోవడం నేర్పాడు. ఎంతసేపు ముంచాలో దానికీ ఒక లెక్కుంది. ఎక్కువైతే కప్పులోనే కరిగిపోతుంది.

ఇవన్నీ నేను మా పిల్లలకు వందసార్లు చెప్పుంటా. ఆ ఇంటి మీద నాకు అంత మమకారం కాబట్టే, 2021లో తమ్ముడు "ఆ ఇల్లు అమ్మేద్దాం, అమ్మకు అల్వాల్‌లో నీ దగ్గర్లో లిఫ్టున్న ఫ్లాటు కొందాం" అంటే నేను ఒప్పుకోలేదు. రెండేళ్లు వాదించా. వాడు మెట్లు అన్నాడు, బాత్రూం దూరం అన్నాడు. నేను మనుషులు అన్నా. ఫ్లాటులో ఎవరు పలకరిస్తారు, చిలకలగూడలో అయితే తలుపు తీస్తే నలుగురుంటారు అన్నా. అమ్మను అడిగితే ఒకటే మాట. "మీరిద్దరు తేల్చుకోండి." నేను దాన్ని నా వైపు ఓటుగా లెక్కేసుకున్నా.

2023 ఆగస్టులో తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ నల్లా దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అప్పుడు ఆమె వయసు 79.

మోటారు పెట్టించి చాలా ఏళ్లయింది. హౌజులో నీళ్లు పడితే మోటారు వేసి పైన ట్యాంకు నింపుకోవచ్చు. కానీ తాగే నీళ్లు మాత్రం నల్లా కిందే బిందె పెట్టి పట్టేది. ఎందుకమ్మా అంటే, "హౌజుల నీళ్లు తాగుతరానె?" అనేది. పడ్డాక అరిస్తే పక్కింటి అబ్బాయి గోడ దూకి వచ్చాడట. వాడే 108కి ఫోన్ చేసి, వాడే నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి ఆమె తడి నేల మీదే ఉంది. తల కింద ఎవరో మడతపెట్టిన దుప్పటి పెట్టారు. బిందె నిండి పొంగిపోతూనే ఉంది. ఎవరికీ నల్లా కట్టెయ్యాలని తోచలేదు.

ఆపరేషన్ అయింది. మూడు నెలలు మా ఇంట్లోనే ఉంచుకుని, తర్వాత మా వెనక వీధిలో అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు ఫ్లాటుకు మార్చాం. తమ్ముడు "నేను చెప్పలేదా" అనలేదు. అని ఉంటే బాగుండేది.

మొన్న మార్చి 20 సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్లి నిచ్చెన ప్రశ్న అడిగా. మొదట నవ్వింది. "నిచ్చెన ఎక్కే కాళ్లా ఇవి?" అంది. ఊరికే అనుకోవమ్మా అన్నా. సున్నా అంటే ఏంది, పది అంటే ఏంది అని మళ్లీ చెప్పించుకుంది. వాకర్ పట్టుకుని వంటింట్లోకి పోయి, గ్లాసు నింపుకుని వచ్చి కూర్చుంది.

"ఎనిమిది" అంది.

నేను నాలుగో, అయిదో అంటుందనుకున్నా. నిజం చెప్పాలంటే అలా అనాలనే కోరుకున్నానేమో. ఇల్లు విడిచి, గల్లీ విడిచి, తోటివాళ్లను విడిచి, కాలు సరిగ్గా పడని మనిషి ఎనిమిదెట్లా అంటుంది?

"ఎందుకమ్మా ఎనిమిది?"

"నల్లా తిప్పితే నీళ్లొస్తున్నయి" అంది. నా వైపు వింతగా చూసింది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

"మరి చిలకలగూడలో ఉన్నప్పుడు? మేం చిన్నగా ఉన్నప్పుడు?"

"రెండు" అంది వెంటనే. కాసేపాగి, "మూడు అనుకో. మీ నాయిన మంచోడే" అంది.

నేను పదిలో పది అనుకున్న రోజులు అవి. అదే ఇల్లు, అవే సంవత్సరాలు.

ఆ సాయంత్రం అమ్మ చెప్పిన విషయాలేవీ నాకు తెలియనివి కావు. అదే నన్ను కుదిపింది. ఆ ఇంటికి మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. అదీ తెల్లారుజామున, ఏ టైముకో చెప్పి రావు. మూడింటికి లేచి నల్లాకు చెవి ఆనించి, లోపల గాలి చప్పుడు వస్తోందా అని వినేది. గాలి తర్వాత సన్నగా ధార. ఇద్దరు పిల్లలు, అత్త, మరిది, తనూ, నాన్నా, ఆరుగురికి రెండు రోజుల నీళ్లు. రెండు ఇత్తడి బిందెలు, మూడు స్టీలు బిందెలు, ఒక గంగాళం, వెనక వరండాలో తారు డ్రమ్ము. నల్లాకు బలం లేని రోజుల్లో గల్లీ చివర బోరింగు. ఆ బోరింగు కిర్రు కిర్రు చప్పుడు నాకు బాగా గుర్తు. నిద్రలో హాయిగా వినపడేది, జోలపాటలాగా. నేను ఇదివరకు ఒకసారి ఆ చప్పుడు గురించి ఎంతో ముచ్చటగా ఎవరికో చెప్పాను కూడా. కొట్టేది ఎవరో అప్పుడు నా ధ్యాసలోకి రాలేదు.

ఇంటికొచ్చి లెక్క వేశా, అలవాటు పోదు కదా. రోజు విడిచి రోజు రెండు గంటలు. ఏడాదికి 182 రాత్రుళ్లు, అంటే దాదాపు 365 గంటలు. 1974 నుంచి మోటారు పెట్టించిన 2004 దాకా 30 ఏళ్లు. 10,950 గంటలు. 24తో భాగిస్తే 456 రోజులు. అంటే మా అమ్మ రాత్రీ పగలూ కలిపి ఏడాదీ పావు కాలం నల్లా దగ్గర నిలబడింది. ఆ 456 రోజులు నేను నిద్రపోయాను.

పైన చెప్పిన నివేదికకు ముందే, సంతోషాన్ని కొలవాలని గట్టిగా పట్టుబట్టిన దేశం భూటాన్. వాళ్ల నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1970ల్లోనే, దేశం ఎంత సంపాదించిందన్న దానికన్నా జనం ఎంత సంతోషంగా ఉన్నారన్నది ముఖ్యమన్నాడు. 2008లో వాళ్ల రాజ్యాంగంలోనూ ఆ మాట రాసుకున్నారు. 2011లో ఐక్యరాజ్యసమితిలో దీని మీద తీర్మానం పెట్టించిందీ వాళ్లే, ఈ మార్చి 20 గోలంతా అక్కడి నుంచి వచ్చిందే. అయితే భూటాన్ వాళ్లది ఒక్క ప్రశ్నతో అయిపోయే పని కాదు. 9 రంగాలు, వాటి కింద 33 కొలమానాలు. 2010 సర్వేలో ఒక్కో మనిషితో సుమారు మూడు గంటలు మాట్లాడారట. అందులో నాకు నచ్చింది ఒకటుంది. రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తారు, ఎన్ని గంటలు నిద్రపోతారు అని అడుగుతారు. పనిలో ఇంటిపని కూడా లెక్కే. మా అమ్మను 1980లో ఆ ప్రశ్న అడిగి ఉంటే నిచ్చెనతో పనే ఉండేది కాదు.

మన దేశంలోనూ అలాంటి లెక్క ఉంది, కాకపోతే దానికి సంతోషం అని పేరు పెట్టలేదు. జాతీయ గణాంక కార్యాలయం చేసే టైమ్ యూజ్ సర్వే. 2024 లెక్క ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పని చేస్తారు. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. 2019లో అవి 299, 97. అయిదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు మిగిలాయి, మగవాళ్లకు తొమ్మిది. ఈ లెక్క నేను గ్రూపులో పెడితే ఒక్కరూ గొడవపడలేదు. ర్యాంకు లేదు కదా.

సంతోషం పెంచుతామని బయల్దేరిన ప్రభుత్వాలు మన చుట్టూ తక్కువేం లేవు. దుబాయ్ వాళ్ల దేశం 2016లో సంతోషానికి ఒక మంత్రినే పెట్టింది. అదే ఏడాది మధ్యప్రదేశ్ ఆనంద శాఖ తెరిచింది. 2018లో ఢిల్లీ బడుల్లో హ్యాపీనెస్ క్లాసు మొదలైంది, అదే ఏడాది ఏప్రిల్‌లో అమరావతిలో హ్యాపీ సిటీస్ సమ్మిట్ అని దేశదేశాల వాళ్లను పిలిచి మూడు రోజులు మాట్లాడారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ 2047 ప్రణాళికలోనూ ఆరోగ్యం, సంపదలతో పాటు ఆనందం అనే మాట పెట్టుకున్నారు. నేను వెక్కిరించడం లేదు. టీచరుగా హ్యాపీనెస్ క్లాసు అంటే మొదట నవ్వుకున్నా గానీ, పిల్లలు పావుగంట నిశ్శబ్దంగా కూర్చోగలిగితే మంచిదే. గుంటూరులో ఉండే మా పిన్నికి అప్పుడప్పుడు రికార్డు గొంతు ఫోన్లు వస్తాయి, ఫలానాదానితో మీరు తృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి అని. పిన్ని ఎప్పుడూ ఒకటే నొక్కుతుంది. "రెండు నొక్కితే ఎందుకని మళ్లీ అడుగుతారేమోనే, పొయ్యి మీద కూర మాడిపోదూ" అంటుంది.

మా అమ్మ కూడా అలా ఒకటి నొక్కిందా అని నాకు అనుమానం. నేను బాధపడతానని ఎనిమిది అందేమో! అందుకే వారం తర్వాత మళ్లీ అడిగా, ఈసారి వేరే ప్రశ్న. ఆ నివేదిక వెనకున్న సర్వేలో నిచ్చెనతో పాటు ఇంకొకటి అడుగుతారు. మీరు కష్టంలో పడితే, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆదుకుంటారని నమ్ముకునే చుట్టాలు గానీ స్నేహితులు గానీ మీకు ఉన్నారా, లేరా? దానికి మెట్లు లేవు. ఉన్నారు, లేరు, అంతే.

అమ్మ వేళ్లు ముడవడం మొదలెట్టింది. మొదటి వేలు నేను. రెండోది తమ్ముడు, కానీ "వాడు లేచి ఫోన్ ఎత్తేసరికి నేను పోత" అంది. మూడో వేలు చిలకలగూడ తమిళావిడ, ఆమె కొడుకు దగ్గరికి చెన్నై వెళ్లిపోయింది. నాలుగోది ఎదురింటి ఆవిడ, పోయి నాలుగేళ్లయింది. అయిదో వేలు గోడ దూకిన అబ్బాయి.

"ఈడ ఎదురు ఫ్లాటుల ఎవరుంటరో నాకు తెల్వదు. పొద్దుగాల తాళమేసి పోతరు, రాత్రి వస్తరు. లిఫ్టుల కనబడితే నవ్వుతరు" అంది. "ఇంక వాచ్‌మన్. మంచి పోరడే. కానీ వాని పని వానికుంటది."

"మరైతే ఎనిమిది ఎట్లా వేశావమ్మా?"

"అది తీసేసే చెప్పిన" అంది. "అదుంటే పది అందును."

అప్పటిదాకా నేను తమ్ముడితో చేసిన వాదనలో నాది గెలిచిందా, వాడిది గెలిచిందా అని మనసులో ఎక్కడో ఆరా తీస్తూనే ఉన్నా. ఆ జవాబుతో అది ఎటూ తేలకుండా పోయింది. నేను చెప్పిన మనుషులు నిజమే, వాళ్ల విలువ రెండు మెట్లు. నీళ్ల విలువ అయిదు. నేను ఆ రెండింటి కోసం రెండేళ్లు వాదించా. ఆ రెండేళ్ల చివర్లో ఆమె తడి నేల మీద పడి ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2025 నివేదికలో కలిసి తినడం గురించి ఒక అధ్యాయం ఉంది. వారంలో ఎన్ని పూటలు ఇంకొకరితో కలిసి తిన్నారని అడిగారు. ఎక్కువ పూటలు కలిసి తినేవాళ్లు నిచ్చెన మీద పై మెట్టు చెబుతున్నారని తేలింది. చదవగానే నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది. ఇంకేముంది, మేం ఆరుగురం, వారానికి పధ్నాలుగు పూటలూ కలిసే తిన్నాం అని పొంగిపోయా. తర్వాత గుర్తొచ్చింది. ఆరుగురం కాదు, అయిదుగురం. అమ్మ వడ్డించేది. మేం లేచాక, గిన్నెలో మిగిలింది చూసుకుని, పొయ్యి పక్కన పీట వేసుకుని ఒక్కతే తినేది. ఒకే ఇంట్లో నాకు పధ్నాలుగు, ఆమెకు సున్నా. సర్వే వాళ్లు తలుపు కొడితే ఎవరు తలుపు తీస్తారన్న దాన్ని బట్టి మా ఇంటి జవాబు మారిపోయేది. మా ఇంట్లో తలుపు తీసేది నాన్న.

జులైలో బోనాలొచ్చాయి. ఆదివారం జాతరకు ఆ రద్దీలో అమ్మను తీసుకెళ్లలేకపోయాం. సోమవారం రంగం మాత్రం టీవీలో చూపించాలని ముందే ఒట్టు వేయించుకుంది. తెలియనివాళ్లకు చెబుతున్నా. రంగమంటే భవిష్యవాణి. అవివాహిత అయిన ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి, అమ్మవారి వైపు చూస్తూ పూనకంలో మాట్లాడుతుంది. పెద్దలు అడుగుతారు. పూజలు అందుకున్నావా తల్లీ, సంతోషంగా ఉన్నావా, లోపమేమన్నా జరిగిందా, వానలు పడతాయా అని. ఆ గుడి కథ సికింద్రాబాద్ వాళ్లందరికీ తెలుసు. 1813లో ఇక్కడి పటాలంలో డోలీలు మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినికి బదిలీ మీద వెళ్లాడు. ఇక్కడ కలరాతో జనం పిట్టల్లా రాలిపోతున్నారని విని, అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి కర్ర విగ్రహం ప్రతిష్ఠించాడు. కలరా అంటే చెడ్డ నీళ్ల జబ్బు. మా అమ్మ హౌజు నీళ్లు తాగనని ఎందుకు మొండికేసేదో ఆ ఊరి జ్ఞాపకంలోనే ఉందేమో అనిపించింది నాకు.

టీవీలో ప్రశ్నలు సాగుతున్నాయి. అమ్మ చేతులు జోడించి చూస్తోంది. సంతోషమేనా తల్లీ అని అక్కడ అడగ్గానే, ఇటు తిరిగి నాతో మెల్లగా అంది. "ఏటేట ఆమెను అడుగుతరు చూడు. నన్ను నువ్వే అడిగినవు."

ఎత్తిపొడుపా, మెచ్చుకోలా తెలియలేదు. 81 ఏళ్లకు మొదటిసారి అడిగారంటే ఎత్తిపొడుపే అయ్యుండాలి.

దసరా తర్వాత చిలకలగూడ ఇల్లు అమ్మకం కాగితాల మీద నేనూ సంతకం పెట్టా. ఖాళీ చేయడానికి నేనూ మా ఆయనా వెళ్లాం. వెనక వరండాలో ఇత్తడి బిందెలు రెండూ, గంగాళం దుమ్ము పట్టి ఉన్నాయి. ఎంత బాగున్నాయో! చింతపండు పెట్టి తోమితే బంగారంలా ఉంటాయి, మా హాల్లో మూలకు పెట్టి అందులో మొక్కలు వేద్దాం అనుకున్నా. ఈ రోజుల్లో అందరిళ్లలో పెడుతున్నారు కదా. కారులో వేసుకుని దారిలో అమ్మకు చూపిద్దామని ఫ్లాటుకు పట్టుకెళ్లా.

ఆమె బిందె అంచు మీద చెయ్యి వేసింది. ఒకచోట సొట్ట ఉంది, దాన్ని వేలితో తడిమింది. నేను హాల్లో పెడతానంటే తల అడ్డంగా ఊపింది.

"అమ్మెయ్" అంది. "నా కండ్ల ముందర పెట్టకు."

మర్నాడే మోండా మార్కెట్ దగ్గర ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణానికి తీసుకెళ్లి తూకానికి ఇచ్చేశా. మూడూ కలిపి పదకొండు కిలోల చిల్లర వచ్చాయి. డబ్బులు తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, ఏం కొనమంటావమ్మా అన్నా. చీరె అంటుందనుకున్నా.

"కింద వాచ్‌మన్ రూము పక్కన వేపచెట్టు నీడ ఉన్నది. సాయంత్రం లిఫ్టుల దిగి కూసుంట. కుర్చీలు కొను" అంది. "ప్లాస్టిక్‌వే, చేతులున్నవి."

సరే, ఒకటి తెస్తా అన్నా.

"ఒకటెందుకే? రెండు తే. ఒక్కటే ఏస్తె నా పక్కన ఎవరు కూసుంటరు?"